లెక్కలు మెదడుకు ఎలా పట్టుబడతాయి, కొందరు పిల్లలకు ఎందుకు పట్టుబడవు

గణితం కోసమే పుట్టుకతో సిద్ధమై ఉండే భాగమేదీ మనిషి మెదడులో లేదు. చూపుకు, వినికిడికి, నడకకు అలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. అంకెలు రాయడం, హెచ్చవేయడం, భిన్నాలను పోల్చడం మాత్రం మానవజాతి కొద్ది వేల ఏళ్ల కిందట మొదలుపెట్టిన పనులు; జీవపరిణామం మెదడును వాటికి తగినట్టు మలచడానికి ఆ వ్యవధి చాలదు. కాబట్టి లెక్క నేర్చుకునే ప్రతి బిడ్డా వేరే పనుల కోసం ఏర్పడిన మెదడు భాగాలను, అంటే పరిమాణాన్ని అంచనా వేసేదాన్ని, మాటలను నిలుపుకొనేదాన్ని, ఆకారాలను గుర్తుపట్టేదాన్ని, చేస్తున్న పనిని కాసేపు మనసులో పట్టి ఉంచేదాన్ని ఒకదానితో ఒకటి ముడివేసుకోవాలి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక తరగతి గదిలో నలభై మంది ఒకే బోర్డును చూస్తూ ఒకే పాఠం వింటున్నా ఈ ముడులు పడే వేగమూ క్రమమూ ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా ఉంటాయి. లెక్కలు రాని పిల్లలందరినీ ఒకే గాటన కట్టి, వాళ్లందరికీ ఒకే మందుగా మరిన్ని లెక్కలు ఇవ్వడం ఎందుకు పనిచేయదో ఇక్కడినుంచే అర్థమవుతుంది.

పరిమాణాన్ని పసిగట్టే శక్తి మాత్రం బడికి చాలాముందే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కారెన్ విన్ 1992లో అయిదు నెలల శిశువులకు ఒక బొమ్మను చూపి, దానికి అడ్డంగా తెర వేసి, వాళ్లు చూస్తుండగానే మరో బొమ్మను తెర వెనక్కి చేర్చారు. తెర తీసినప్పుడు రెండు బొమ్మలు కనబడితే శిశువులు త్వరగా చూపు తిప్పుకున్నారు. ఒకటే కనబడితే ఇంకా ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయారు. 2000లో ఫే షూ, ఎలిజబెత్ స్పెల్కీ చేసిన ప్రయోగంలో ఆరు నెలల శిశువులు 8 చుక్కలకూ 16 చుక్కలకూ తేడా పట్టగలిగారు, 8కీ 12కీ మధ్య పట్టలేకపోయారు. అంటే ఈ సహజశక్తి ఉజ్జాయింపుగానే పనిచేస్తుంది; రెండు రాశుల నిష్పత్తి ఎంత పెద్దదైతే తేడా అంత స్పష్టంగా తెలుస్తుంది. కోతుల మెదడులోనూ ఒక్కో పరిమాణానికి ఎక్కువగా స్పందించే నాడీకణాలు ఉన్నట్టు 2002 నుంచి వచ్చిన పరిశోధనలు చూపాయి. మనుషుల్లో ఈ పనికి ప్రధాన కేంద్రం తల పైభాగాన కొంచెం వెనకగా, రెండు వైపులా ఉండే పెరైటల్ లోబ్‌లోని ఇంట్రాపెరైటల్ సల్కస్ అనే మడత. పెద్దయ్యాక కూడా ఆ ఉజ్జాయింపు స్వభావం పూర్తిగా పోదు. 2, 9లలో ఏది పెద్దదో చెప్పడానికి పట్టే సమయం కంటే 8, 9లలో ఏది పెద్దదో చెప్పడానికి చదువుకున్న పెద్దలకు సైతం కాస్త ఎక్కువ సమయం పడుతుందని 1967లోనే తేలింది.

సరిగ్గా ఏడు, సరిగ్గా పందొమ్మిది అన్న భావన మాత్రం మాటలతో, గుర్తులతో వస్తుంది. అమెజాన్ అడవుల్లోని పిరహా, ముండురుకు తెగల భాషల్లో పెద్ద సంఖ్యలకు ఖచ్చితమైన పేర్లు లేవు. ఆ తెగల వాళ్లు రాశులను ఉజ్జాయింపుగా బాగానే పోల్చారు గానీ, నాలుగైదు దాటిన ఖచ్చితమైన లెక్క దగ్గర తడబడ్డారని 2004లో వెలువడిన రెండు అధ్యయనాలు చూపాయి. చిన్నపిల్లల్లోనూ ఈ మలుపు నెమ్మదిగానే వస్తుంది. మూడేళ్ల బిడ్డ ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్పగానే ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. అదే బిడ్డను గిన్నెలోంచి మూడు చింతపిక్కలు తీసి ఇమ్మంటే గుప్పెడు తీసి ఇస్తుంది. ఎందుకంటే ఆ వయసుకు ఒకటి, రెండు, మూడు అన్నవి ఆమెకు వరుసగా వచ్చే శబ్దాలు. చివర పలికిన మాటే మొత్తం రాశి పరిమాణమని తెలియడానికి ఇంకా నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. అంగన్‌వాడీలో అంకెలు వల్లె వేయించడంలో తప్పు లేదు. కానీ వల్లె వేయడాన్నే లెక్క రావడంగా తీసుకుంటే, ఒకటో తరగతికి వచ్చేసరికి కొందరు పిల్లలకు అడుగు లేకుండానే పైన కట్టడం మొదలవుతుంది.

ఒక సంఖ్య మెదడులో మూడు రూపాల్లో ఉంటుందని ఫ్రెంచ్ నాడీశాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ 1992లో ప్రతిపాదించారు: చెవికి వినబడే మాట, కంటికి కనబడే అంకె, మనసుకు తెలిసే పరిమాణం. నూట ఐదు అని వినగానే 105 అని రాయగలగాలి, అది వందకు కొద్దిగా పైన ఉందని తోచాలి. చాలామంది పిల్లల కష్టం ఈ మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ ఉండదు; ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే దారిలో ఉంటుంది. నూట ఐదును 1005 అని రాసిన పిల్లవాడు విన్నదాన్ని విన్నట్టుగా, వంద పక్కన ఐదు పెట్టి రాశాడు. అతనికి వినికిడి సరిగ్గా ఉంది, అంకెలు వచ్చు, స్థాన విలువ రాలేదు. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసిన పిల్ల ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది. ఆమె తనకు తానుగా ఒక నియమం కల్పించుకుని దాన్ని తప్పకుండా పాటిస్తోంది. ఇలాంటి తప్పుకు ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి మార్కు తీసేయడం సులువు. ఆ తప్పు పిల్ల ఆలోచనలో ఎక్కడ పుట్టిందో అడిగి తెలుసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలకు మించిన పరీక్ష లేదు.

సంఖ్యలు పలికే తీరు కూడా ఈ దారికి తోడ్పడుతుంది లేదా అడ్డుపడుతుంది. తెలుగులో ఇరవై దాటాక పదులు ముందు, ఒకట్లు తర్వాత వస్తాయి. ముప్ఫై నాలుగు అని విన్న వరుసలోనే 34 అని రాస్తారు. ఇంగ్లిష్ థర్టీన్‌లో ఒకట్లు ముందు వినబడతాయి, పైగా థర్టీన్, థర్టీ చెవికి దగ్గరగా ఉంటాయి. ఇంట్లో తెలుగులో లెక్కపెట్టే పిల్లలు ఇప్పుడు బడిలో ఇంగ్లిష్‌లో ఎక్కాలు నేర్చుకుంటున్నారు. రష్యన్, ఇంగ్లిష్ రెండూ తెలిసిన వాళ్లపై డెహేన్, స్పెల్కీ బృందం 1999లో జరిపిన ప్రయోగంలో ఒక భాషలో సాధన చేసిన ఖచ్చితమైన కూడికలు రెండో భాషలో అడిగినప్పుడు నెమ్మదించాయి. ఉజ్జాయింపు లెక్కలకు ఆ ఇబ్బంది రాలేదు. ఒకే పిల్లవాడు ఇంటిదగ్గర చురుకుగా, తరగతిలో మందకొడిగా కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు. రెండు భాషలు నేర్చుకోవడం నష్టమని దీని అర్థం కాదు. ఒక భాషలో స్థిరపడిన లెక్క రెండో భాషలోకి తనంతట తాను నడిచి రాదని, ఆ మార్పుకు కూడా కొంత సాధన కావాలని మాత్రమే.

ఎక్కాల విషయంలో వాదన ఎప్పుడూ రెండు కొసల దగ్గరే నిలిచిపోతుంది: బట్టీ పట్టించాలని ఒక పక్షం, బట్టీ వద్దని మరో పక్షం. మెదడు చెప్పే సంగతి ఈ రెండింటికీ నడుమ ఉంది. ఏడెనిమిదేళ్ల పిల్లలు వేళ్లతో లెక్కపెట్టే దశ నుంచి జవాబును నేరుగా గుర్తుతెచ్చుకునే దశకు మారేటప్పుడు, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ బలంగా పనిచేస్తుందని స్టాన్‌ఫర్డ్‌లోని వినోద్ మీనన్ బృందం 2014లో చూపింది. ఆ మార్పు జరిగాక లెక్క మధ్యలో 7×6 కోసం ఆగనక్కర్లేదు, దృష్టి అసలు సమస్య మీద నిలుస్తుంది. కాబట్టి ఎక్కాలు గుర్తుండటం నిజంగా అవసరం. అయితే ఎక్కాలు ఒకదానితో ఒకటి విపరీతంగా కలగలిసిపోయే జ్ఞాపకాలు. 6×9, 7×8, 6×8 లాంటి వాటిలో అవే అంకెలు మళ్లీమళ్లీ వస్తాయి. దగ్గరి పోలికలున్న విషయాలు ఒకదాన్నొకటి చెరిపేసుకోవడం కొందరి జ్ఞాపకశక్తిలో సహజంగానే ఎక్కువ. అలాంటి పిల్లలు గణితం బాగా అర్థం చేసుకుంటూనే ఎక్కాల దగ్గర ఓడిపోతారు. వీళ్లకు పది ఎక్కాలూ ఒకేసారి వల్లె వేయించడం ఆ గందరగోళాన్ని పెంచుతుంది. ఒకటి నుంచి పది దాకా ఎక్కాల్లో వంద గుణకారాలు కనిపించినా, 3×8 తెలిస్తే 8×3 తెలిసినట్టే కనుక వేర్వేరుగా గుర్తుంచుకోవలసినవి 55 మాత్రమే. ఒకటో ఎక్కాన్నీ పదో ఎక్కాన్నీ పక్కన పెడితే 36. రెండు మూడింటిని మాత్రమే తీసుకుని, కొన్ని రోజులు గడువిస్తూ, తెలిసిన దానినుంచి తెలియని దాన్ని కట్టుకునేలా చేస్తే (ఐదారులు ముప్ఫై, దానికి ఇంకో ఆరు కలిపితే ఆరారులు) ఇదే పిల్లలకు ఎక్కాలు నిలుస్తాయి.

వేళ్ల మీద లెక్కపెట్టవద్దని గద్దించడం మన ఇళ్లలోనూ బళ్లలోనూ మామూలే. దీన్ని మానుకోవడం మంచిది. అయిదారేళ్ల వయసులో వేళ్లు వాడే పిల్లలే సగటున ఎక్కువ సరైన జవాబులు చెబుతారు. ఏడెనిమిదేళ్లకు ఆ సంబంధం సన్నగిల్లుతుంది, వేళ్ల అవసరం క్రమంగా దానంతటదే తగ్గుతుంది. పెద్దవాళ్లు బొటనవేలితో కణుపులు లెక్కపెట్టి ఒక చేతి మీదే పన్నెండు దాకా వెళ్లడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేటికీ కనిపిస్తుంది, అది పిల్లలకు నేర్పదగిన పద్ధతే.

వేళ్లు చేసే పనినే కాగితమూ పలకా ఇంకా విస్తారంగా చేస్తాయి. చేస్తున్న పనికి సంబంధించిన విషయాలను కొన్ని క్షణాలపాటు మనసులో నిలిపే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. దాని సామర్థ్యం పెద్దల్లోనే చాలా పరిమితం, పిల్లల్లో ఇంకా తక్కువ, ఒకే వయసు పిల్లల్లోనూ తేడాలు చాలా ఎక్కువ. మూడంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో హెచ్చవేసేటప్పుడు చేతిలో ఉన్న అంకె, ఇప్పుడున్న స్థానం, రాయవలసిన వరుస, తర్వాతి మెట్టు అన్నీ ఒకేసారి గుర్తుండాలి. వర్కింగ్ మెమరీ చిన్నదైన పిల్లకు పద్ధతి తెలిసి కూడా మధ్యలో తీగ తెగిపోతుంది; పెద్దలు దాన్ని అజాగ్రత్త అంటారు. దేశమంతటా తరతరాల పిల్లలకు అక్షరమూ అంకే దిద్దించిన మార్కాపురం పలక తీసుకునేది సరిగ్గా ఈ బరువునే: నడుమ వచ్చిన అంకెలను మనసులోంచి దించి కంటి ముందు పెడుతుంది. తప్పు చెరిపినా మచ్చ మిగలదు కనుక పిల్లలు మళ్లీ ప్రయత్నించడానికి వెనకాడరు. నోటిలెక్కకు దానికంటూ విలువ ఉంది, కానీ నోటితో చెప్పలేకపోయిన పిల్లను అదే లెక్క రాసి చేయనిచ్చి చూస్తే కష్టం గణితంలో ఉందో జ్ఞాపకపు భారంలో ఉందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఈ ప్రాంతంలో పిల్లలకు బడి బయట వచ్చే లెక్క ఎంత గట్టిదో చెప్పడానికి రొయ్యల కౌంట్‌ను మించిన ఉదాహరణ దొరకదు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల్లో, ఒంగోలు దగ్గర కొత్తపట్నం తీరంలో రొయ్యల గుంటలున్న ఇళ్లలో కౌంట్ అన్న మాట రోజూ వినబడుతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 100 కౌంట్ అంటే ఒక్కో రొయ్య సుమారు 10 గ్రాములు, 30 కౌంట్ అంటే సుమారు 33 గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దదవుతుంది, కిలో ధర పెరుగుతుంది. ఆ ఇంటి పన్నెండేళ్ల పిల్లవాడికి ఇందులో వింతేమీ లేదు. అదే పిల్లవాణ్ని తరగతిలో 1/30, 1/100లలో ఏది పెద్దదని అడిగితే, వంద పెద్దది కదా అని 1/100 వైపు చూపించే అవకాశం ఎంతైనా ఉంది. భిన్నాలను పూర్ణాంకాల్లాగా చదవడం ప్రపంచమంతటా పిల్లల్లో కనిపించే అతి మొండి పొరపాటు. అంతకు ముందు నాలుగైదేళ్లు పూర్ణాంకాలతో మెదడు సంపాదించిన అలవాటు దానికి మూలం. ఇంట్లో తెలిసిన నిజమూ పుస్తకంలోని గుర్తూ ఒకే సంబంధం గురించి చెబుతున్నాయని ఎవరో ఒకరు ఆ పిల్లవాడికి చూపించాలి. కిలో రొయ్యలను ముప్ఫై సమభాగాలుగా, వంద సమభాగాలుగా ఊహించమంటే హారం పెరిగినప్పుడు భాగం ఎందుకు చిన్నదవుతుందో అతనికి వేరే వివరణ అక్కర్లేదు. ఎకరాకు ఎన్ని పుట్లు పండాయి, 850 కిలోల పుట్టికి ఈసారి ధర ఎంత అని వరి రైతుల ఇళ్లలో నడిచే లెక్కలకూ ఇదే వర్తిస్తుంది.

బడి లెక్కకూ బజారు లెక్కకూ మధ్య ఉన్న ఈ అగాధాన్ని బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో 1985లోనే గమనించారు. వీధుల్లో కొబ్బరికాయలూ పండ్లూ అమ్మే పిల్లలు బేరం మధ్యలో వేసిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను కాగితం మీద అంకెలుగా ఇచ్చినప్పుడు సరైన జవాబులు 37 శాతానికి పడిపోయాయి. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలపై ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులోనూ అదే ఫలితం కనిపించింది. దానికి తోడు మరొకటీ బయటపడింది: బడికి వెళ్తూ పుస్తకం లెక్కలు చేయగలిగిన పిల్లలు బజారు లెక్కలు అడిగితే తడబడ్డారు. ఒక సందర్భంలో నేర్చుకున్నది మరో సందర్భానికి దానంతటదే చేరదు. బేరం లెక్క వచ్చిన పిల్లకు ‘గణితం రాదు’ అని ప్రోగ్రెస్ కార్డు చెప్పినప్పుడు ఆ కార్డు కొలిచింది ఒక సగాన్ని మాత్రమే.

ఇంతవరకు చెప్పిన కష్టాలన్నీ బోధనతో, సమయంతో, సరైన ఉదాహరణతో చాలావరకు తీరేవి. వీటికి భిన్నంగా పరిమాణపు స్ఫురణే బలహీనంగా ఉండే పిల్లలు కొందరున్నారు. వాళ్ల స్థితిని డిస్కాల్క్యులియా అంటారు. చెకోస్లొవేకియా మనస్తత్వవేత్త లాడిస్లావ్ కోష్ 1974లో దీన్ని నిర్వచించి, తాను పరీక్షించిన పిల్లల్లో 6.4 శాతం మందిలో గుర్తించారు. 1996లో ఇజ్రాయెల్‌లో జరిగిన పెద్ద సర్వేలో 6.5 శాతం తేలింది, ఆడపిల్లలూ మగపిల్లలూ దాదాపు సమానంగా ఉన్నారు. కొలమానాలు మారినప్పుడు ఈ అంకె 3 నుంచి 7 శాతం మధ్య కదులుతుంది. ఈ పిల్లల తెలివితేటలు మామూలుగానే ఉంటాయి, కొందరు కథలు చెప్పడంలోనో బొమ్మలు వేయడంలోనో తోటివాళ్లను మించిపోతారు. కానీ మూడు చుక్కలను చూడగానే మూడని చెప్పకుండా ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. 5, 6లలో ఏది పెద్దదని అడిగితే ఆలోచిస్తారు. పన్నెండేళ్లు వచ్చినా చిన్న కూడికలకు వేళ్లు కావాలి. గడియారం చూడటం, చిల్లర సరిచూసుకోవడం భారమవుతాయి. కుటుంబాల్లో ఇది వరుసగా కనిపించడం, చదవడంలో కష్టంతోనూ అవధాన లోపంతోనూ కలిసి రావడం తరచూ జరుగుతుంది. నెలలు నిండకుండా, చాలా తక్కువ బరువుతో పుట్టి లెక్కల్లో వెనకబడిన కౌమార పిల్లల మెదళ్లను లండన్ పరిశోధకులు 2001లో స్కాన్ చేసినప్పుడు, ఎడమ పెరైటల్ లోబ్‌లో ఇంట్రాపెరైటల్ సల్కస్ దగ్గర ఒకచోట నాడీకణాలు దట్టంగా ఉండే బూడిద పదార్థం తక్కువగా కనబడింది.

పశ్చిమ ప్రకాశం మెట్టప్రాంతాల్లో మరో కారణం డిస్కాల్క్యులియా వేషం వేసుకుని వస్తుంది. వానలు మొహం చాటేసిన ఏడాది కుటుంబాలు మిరప కోతలకూ భవన నిర్మాణ పనులకూ వలస పోతాయి, వెంట పిల్లలూ పోతారు. సాంఘిక శాస్త్రంలో మూడు నెలల పాఠాలు పోయినా నాలుగో నెల పాఠం అర్థమవుతుంది. గణితంలో స్థాన విలువ చెప్పిన నెలలు పోతే తీసివేత, భాగహారం, దశాంశాలు వరుసగా కూలుతాయి. తిరిగి వచ్చిన పిల్లను ఆమె వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి అక్కడి పాఠమే చెబితే లోపల ఉన్న ఖాళీ అలాగే ఉండిపోతుంది. రక్తహీనత వల్ల తగ్గే ఏకాగ్రత, బోర్డు కనిపించని కళ్లు, సరిగ్గా వినబడని చెవులు కూడా లెక్కలు రాకపోవడంగానే పైకి తేలుతాయి. మెదడులో లోపమని తేల్చే ముందు వీటిని చూడటం న్యాయం.

భయం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది అన్ని రకాల పిల్లలనూ తాకుతుంది. గణితమంటే భయపడే ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు లెక్క చేస్తున్నప్పుడు భయాన్ని నడిపే అమిగ్డాలా చురుకుగా ఉండటం, లెక్కకు అవసరమైన భాగాల పని తగ్గడం స్టాన్‌ఫర్డ్ స్కాన్లలో 2012లో కనిపించింది. ఆందోళన వర్కింగ్ మెమరీలో చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల ఎక్కువ నష్టపోయేది ఆ జ్ఞాపకం మీద ఆధారపడి లోతుగా ఆలోచించే పిల్లలే. నెల్లూరు పట్టణంలో ఆరో తరగతి నుంచే పోటీ పరీక్షల ఫౌండేషన్ కోర్సులు, వారాంతపు పరీక్షలు, ర్యాంకుల పట్టికలు సాధారణమైపోయాయి. వేగాన్నే తెలివిగా కొలిచే ఆ వాతావరణంలో నెమ్మదిగా, సరిగ్గా ఆలోచించే పిల్లకు తాను దేనికీ పనికిరానన్న నమ్మకం కలగడం అన్యాయం. భయం ఇంట్లోనూ అంటుకుంటుంది: గణితమంటే బెదిరే తల్లిదండ్రులు తరచూ హోంవర్క్‌లో సాయం చేసిన చోట పిల్లలు ఏడాదిలో తక్కువ నేర్చుకున్నారని అమెరికాలో 2015లో తేలింది. అలాంటి ఇళ్లలో హోంవర్క్ కంటే ఆట మెరుగు. ఒకటి నుంచి పది దాకా నేరుగా సాగే గళ్లపై పావులు కదిపే ఆటను నాలుగైదేళ్ల పేద పిల్లలతో మొత్తం మీద గంటసేపు ఆడించినందుకే వాళ్ల సంఖ్యాజ్ఞానం పెరిగిందని 2008లో రమణి, సీగ్లర్ చూపారు. గళ్లు గుండ్రంగా ఉన్నప్పుడు అంత ఫలితం రాలేదు, కాబట్టి అష్టాచెమ్మా కంటే నేల మీద సుద్దతో గీసిన తిన్నని గళ్లే ఈ పనికి నప్పుతాయి. వామనగుంటలు గుప్పెట్లోని పిక్కలు ఎక్కడ అయిపోతాయో ముందే లెక్కగట్టేలా చేస్తాయి, అది మరో రకమైన లాభం.

మెదడులో కనిపించిన తేడా శాశ్వతమన్న భావన కూడా నిలవలేదు. లెక్కల్లో వెనకబడిన మూడో తరగతి పిల్లలకు ఎనిమిది వారాలపాటు ఒక్కొక్కరికి విడిగా, వాళ్ల స్థాయి నుంచే బోధించినప్పుడు, మొదట అసాధారణంగా ఉన్న మెదడు చురుకుదనం తోటిపిల్లల స్థాయికి చేరుకుందని 2015లో ప్రచురితమైంది; అదే ఏడాది మరో అధ్యయనంలో అలాంటి బోధనతోనే భయమూ, అమిగ్డాలా ఉద్రిక్తతా తగ్గాయి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 డిస్కాల్క్యులియాను పేరు పెట్టి గుర్తించింది. ధ్రువీకరణ మాత్రం ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే ఇస్తారు. అప్పటిదాకా ఆగనక్కర్లేదు, సర్టిఫికెట్ లేకుండానే ఒకటో తరగతి ఉపాధ్యాయురాలు చూడగలిగినవి ఉన్నాయి: నాలుగు చింతపిక్కలు ఒక్క చూపులో చెప్పగలదా, పన్నెండు అడిగితే లెక్కపెట్టి ఆగగలదా, 7, 9లలో పెద్దది వెంటనే చూపగలదా, నేల మీద గీసిన గీతకు ఒక కొసన 0, రెండో కొసన 10 రాస్తే 5 ఎక్కడ నిలబడాలో చెప్పగలదా. వీటిలో పిల్ల ఎక్కడ ఆగిపోతే బోధన అక్కడినుంచి మొదలవుతుంది. రెండు మూడు నెలల తర్వాత కూడా అక్కడే ఉండిపోతే ఆమెను, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయుల దగ్గరికి, అక్కడినుంచి జిల్లా వైద్యుల దగ్గరికి పంపాలి.